ఎండిన ఏట్లో ఐదు లక్షల క్యూసెక్కులు: పెన్న లెక్కలు

కొన్నేళ్ళ కిందట రాజమండ్రి నుంచి మా ఇంట్లో పెళ్ళికి వచ్చిన చుట్టం ఒకాయన రైలు దిగీ దిగగానే అడిగిన మాట: "ఏవండీ, మీ పెన్న ఎక్కడుంది? కిటికీ పక్కనే కూర్చున్నా, కనపడలేదే!" వంతెన దాటారు కదా బావగారూ అంటే, "అది ఇసుకే కదండీ, గేదెలు తిరుగుతున్నాయి" అన్నాడు. ఆయన వచ్చింది పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో. పినాకిని అంటే పెన్నే. ఆ ఏటి పేరు పెట్టుకున్న రైల్లో ఆ ఏరు దాటి వచ్చి, ఏరు కనపడలేదన్నాడు. గోదావరి ఒడ్డున పెరిగినవాడు కాబట్టి ఆయనది తప్పు పట్టలేం.

2021 నవంబర్‌లో అదే మనిషి ఫోన్ చేసి, "టీవీలో చూస్తున్నా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి, మీ ఏట్లో అన్ని నీళ్ళెక్కడివండీ?" అని అడిగాడు.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. దాన్ని అందుకోవాలంటే కొన్ని మాటలకు అర్థం తెలియాలి, కొన్ని లెక్కలు వెయ్యాలి. పెన్నలో ఎప్పుడు వరద వచ్చినా, ఇసుక మీద ఎప్పుడు గొడవ జరిగినా, ఎడగారుకు, అంటే వేసవి పంటకు, నీళ్ళిస్తారా లేదా అని రైతులు టెన్షన్ పడినా వెనక ఉండేది ఈ లెక్కలే.

ఎడారి నది అంటే ఏది? పెన్న అందులోకి వస్తుందా?

భూగోళ శాస్త్రంలో మోటు లెక్క ఒకటుంది. ఏడాదికి 250 మిల్లీమీటర్లలోపు వాన పడే నేల ఎడారి. అంతకు కొంచెం పైన ఉండేది అర్ధ శుష్క ప్రాంతం, అంటే మెట్టసీమ. అలాంటి నేలల్లో పారే నదులు రెండు రకాలు.

మొదటి రకానికి నీళ్ళు పరాయి దేశం నుంచి వస్తాయి. నైలు నది ఈజిప్టు ఎడారి గుండా ఏడాది పొడుగునా పారుతుంది గాని, ఆ నీళ్ళు ఈజిప్టులో కురిసినవి కావు. ఎక్కడో దక్షిణాన ఇథియోపియా కొండల్లో, మధ్య ఆఫ్రికాలో కురిసినవి. బోట్స్‌వానాలోని ఒకవాంగో ఇంకా విచిత్రం. అంగోలాలో వానాకాలంలో పడ్డ నీళ్ళు నెలల తరబడి నడిచి, బోట్స్‌వానాలో చినుకు లేని పొడి కాలంలో వరదగా చేరతాయి. అవి సముద్రం ముఖం చూడవు, కలహారి ఇసుకలోనే పరుచుకుని ఆవిరైపోతాయి.

రెండో రకం తన వాన మీదే బతుకుతుంది. వాన పడ్డప్పుడు పారుతుంది, లేనప్పుడు ఎండుతుంది. రాజస్థాన్‌లో ఆరావళి కొండల్లో పుట్టే లూనీ ఇలాంటిదే. బాలోత్రా దాకా తియ్యగా ఉండి, అక్కడి నుంచి ఉప్పగా మారి, చివరికి కచ్ రణ్‌లో ఇంకిపోతుంది.

కొలతల ప్రకారం చూస్తే పెన్న ఎడారి నది కాదు. అది పారే అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, నెల్లూరులో దాదాపు దానికి రెట్టింపు. తీరు మాత్రం ముమ్మాటికీ రెండో రకానిది. దాన్ని జీవనది అనుకుని చూసినవాడికి చచ్చిన నదిలా కనిపిస్తుంది. మెట్టసీమ ఏరుగా చూస్తే, నెలల తరబడి ఎండి ఉండటం దాని జబ్బు కాదనీ, స్వభావమనీ తెలుస్తుంది. ఐతే ఈ ఎండులో స్వభావం ఎంత, మన చేతిపని ఎంత? అసలు చిక్కు ఇక్కడే.

రెండు వానలకూ దూరపు చుట్టం

పెన్న కర్ణాటకలో చిక్కబళ్ళాపురం దగ్గరి నంది కొండల్లో పుడుతుంది. ఆ కొండల్లోనే ఇంకో పినాకిని పుట్టి దక్షిణంగా తమిళనాడు వైపు వెళ్తుంది, దాన్ని దక్షిణ పినాకిని అంటారు. మనది ఉత్తర పినాకిని. ముందు ఉత్తరానికి నడిచి, అనంతపురం సీమలో తూర్పుకు తిరిగి, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని, సోమశిల దగ్గర వెలికొండల్ని కోసుకుని నెల్లూరు మైదానంలోకి దిగి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. దాని పరీవాహక ప్రాంతం, అంటే ఎక్కడ చినుకు పడితే అది చివరికి ఈ ఏట్లోకి చేరుతుందో ఆ నేల, 55 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. జయమంగళి, చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు అన్నీ ఇందులో కలిసేవే.

అంత పెద్ద నేల ఉన్నా నీళ్ళు ఎందుకు తక్కువ? నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద తడి చాలావరకు దులిపేసుకుని ఇవతలికి వస్తాయి. ఆ కనుమల వాననీడలో ఉంది రాయలసీమ. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కోస్తాను తడుపుతాయి గాని, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే, అదీ ఎక్కువగా వాయుగుండాల రూపంలో పడుతుంది. వాయుగుండం లెక్క మనకు తెలిసిందే. వస్తే ముంచుతుంది, రాకపోతే ఎండబెడుతుంది.

ప్రకాశం జిల్లా ఏర్లు కూడా ఈ కుటుంబానివే. నల్లమలలో పుట్టే గుండ్లకమ్మ, ఇటు పాలేరు, మన్నేరు అన్నీ వానకు వచ్చి వాన పోగానే పోయేవి. 2022లో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు రైతులు అంతగా గుండెలు బాదుకుంది అందుకే. జీవనది మీద గేటు పోతే వెనకనే ఇంకో నీరు వస్తుంది. ఇక్కడ పోయిన నీటికి మళ్ళీ వాయుగుండం దాకా ఆగాలి.

క్యూసెక్కు, టీఎంసీ: ఒకసారి లెక్క వేద్దాం

పేపర్లో రోజూ చూసే మాటలే, కానీ కలిపి లెక్కేసేవాళ్ళు తక్కువ. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీళ్ళు, సుమారు 28 లీటర్లు. ఇది పారకానికి కొలత. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. ఇది నిల్వకు కొలత. సుమారు 11,574 క్యూసెక్కుల నీళ్ళు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

ఇప్పుడు 2021 నవంబర్‌కు వద్దాం. వాయుగుండం తీరం దాటింది. శేషాచలం, పాలకొండల మీద కుండపోత. నవంబర్ 19 ఉదయం చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది పల్లెల్లో ఘోర ప్రాణనష్టం జరిగింది. ఆ ప్రాజెక్టు నిల్వ రెండుంబావు టీఎంసీల లోపే. కానీ దాని వెనక వచ్చిన వాననీరు దానికి ఎన్నో రెట్లు. అదంతా పెన్నలో పడి, సోమశిల జలాశయానికి చేరి, అక్కడి నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి కిందికి దూకింది.

5 లక్షల క్యూసెక్కులంటే గంటకు 1.8 టీఎంసీలు, రోజుకు 43 టీఎంసీలు. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. అంటే ఆ జోరున పారితే జలాశయం మొత్తం నిండే నీళ్ళు రెండు రోజులైనా కాకముందే వచ్చి వెళ్ళిపోతాయి. నెల్లూరుకు ఉత్తరాన పడుగుపాడు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి రెండూ కోసుకుపోయాయి. మా చుట్టం అడిగిన "అన్ని నీళ్ళెక్కడివి"కి జవాబు ఇది. ఏడాదంతా పారాల్సింది నాలుగు రోజుల్లో పారింది. మెట్టసీమ ఏర్లకు సగటు అనే మాటే పెద్దగా నప్పదు.

సోమశిల నిండుగా ఉండాలా, వెలితిగా ఉండాలా?

ఆ వరద తర్వాత నెల్లూరు జిల్లాలో మొదలైన వాదన ఇప్పటికీ ఆగలేదు. రెండు పక్షాల దగ్గరా బలం ఉంది.

ముంపులో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ మాట: వాయుగుండాలు నవంబర్‌లో వస్తాయని చిన్నపిల్లలకూ తెలుసు. అలాంటప్పుడు జలాశయాన్ని నిండుకుండలా ఎందుకు పెట్టాలి? ముందే కొంత ఖాళీ చేసుకుంటే వరదను పట్టుకోవచ్చు కదా?

ఆయకట్టు రైతుల మాట: ఖాళీ చేశాక వాయుగుండం రాకపోతే? గోదావరి మీద ఐతే వదిలిన నీళ్ళు వచ్చే ఏడు తిరిగి వస్తాయని ధైర్యం. పెన్న మీద ఆ ధైర్యం ఎవరిస్తారు?

అంకెల్లో పెట్టి చూద్దాం. జలాశయంలో 70 టీఎంసీలు ఉన్నాయనుకోండి. ఖాళీ 8. గంటకు 1.8 చొప్పున వస్తుంటే నాలుగున్నర గంటల్లో నిండిపోతుంది, అక్కడి నుంచి వచ్చిందంతా కిందికే. అదే 30 టీఎంసీలు వెలితిగా ఉంచితే సుమారు పదహారు పదిహేడు గంటలు ఆగుతుంది. ఊళ్ళు ఖాళీ చేయించడానికి ఆ వ్యవధి ఎంతో విలువైనది. కానీ వరద మూడు రోజులు నిలబడితే మిగతా కాలానికి అదీ చాలదు.

ఇక ఆ 30 టీఎంసీల ఖరీదు. ఒక టీఎంసీ నీటిని అడుగు ఎత్తున పరిస్తే సుమారు 23 వేల ఎకరాలు తడుస్తుంది. వరికి పంటకాలంలో కాలువ నష్టాలతో కలిపి నాలుగడుగుల పైన కావాలనుకుంటే, టీఎంసీకి ఐదు వేల ఎకరాలు చిల్లర. 30 టీఎంసీలంటే లక్షన్నర ఎకరాల వరి. వాయుగుండం ముఖం చాటేసిన ఏడు ఆ కయ్యలన్నీ బీడు.

నా మట్టుకు, రెండు పక్షాలూ ఒకే వస్తువును రెండు కొసల నుంచి పట్టుకుని లాగుతున్నాయనిపిస్తుంది. అంచనాలు మెరుగుపడి, వాన పడే రెండు మూడు రోజుల ముందే పై జలాశయాల నుంచి కింది దాకా ఒకే చేతితో నీళ్ళు వదలగలిగితే ఈ తగవు కొంత తగ్గుతుంది. పూర్తిగా మాత్రం తీరదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి దాచాలి, ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టే ఖాళీగానూ ఉంచాలి.

ఏటా జరిగే ఐఏబీ మీటింగ్‌లో, అంటే నీటిపారుదల సలహా మండలి సమావేశంలో, తేలేది కూడా ఈ లెక్కే. నిల్వ ఎంత ఉంది, తాగునీటికి ఎంత తీసి పక్కన పెట్టాలి, మిగిలినదానితో ఎన్ని ఎకరాలకు హామీ ఇవ్వొచ్చు. చలికాలపు మొదటి పంటకు ఇబ్బంది లేని ఏళ్ళలో కూడా, వేసవిలో వేసే ఎడగారు దగ్గరికి వచ్చేసరికి మాటలు పెరుగుతాయి.

పెన్నలో పారే కృష్ణ

సోమశిలలో ఉన్నదంతా పెన్న నీరేనా? కాదు. పై వర్గీకరణలో పెన్నను రెండో రకంలో వేశాను, తన వాన మీద బతికే ఏరు అని. అది పాత మాట. ఇవాళ అది కాలువల పుణ్యాన సగం మొదటి రకంలోకి మారింది. నైలుకు ప్రకృతి చేసిన పని పెన్నకు ఇంజనీర్లు చేశారు. ఎక్కడో పడమటి కనుమల్లో కురిసిన వాన కృష్ణలో పడి, శ్రీశైలం చేరి, పోతిరెడ్డిపాడు దగ్గర పక్కకు తిరిగి, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం జలాశయాలు దాటి సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, అక్కడి నుంచి చెన్నైకి పోతుంది. తెలుగుగంగ అంటే ఇదే. చెన్నై తాగునీటికి 15 టీఎంసీలు ఇవ్వాలని మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 చొప్పున 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్.టి.రామారావు, ఎం.జి.ఆర్. ముఖ్యమంత్రులుగా ఉండగా పథకం ఖాయమైంది. దారి నష్టాలు పోను 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దుకు చేరాలి. మొదటిసారి నీళ్ళు చేరింది 1996లో.

నిజానికి ఈ అలవాటు ఇంకా పాతది. 19వ శతాబ్దంలోనే కర్నూలు-కడప కాలువ తుంగభద్ర నీటిని పెన్న సీమలోకి తెచ్చింది. ఇప్పుడు ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాలు ఎదురుచూస్తున్న వెలిగొండ కూడా నల్లమల కింద సొరంగాలు తవ్వి కృష్ణ నీటిని ఇవతలికి తెచ్చే ప్రయత్నమే.

దీని మీదా రెండు వాదనలున్నాయి. కృష్ణ బేసిన్‌లోనే, అంటే దాని పరీవాహక ప్రాంతంలోనే, దాహంతో ఉన్న నేలలుండగా నీటిని బేసిన్ దాటించడం ఏమిటని తెలంగాణ వైపు నుంచి చాలాకాలంగా అభ్యంతరం. పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11 వేల క్యూసెక్కుల స్థాయి నుంచి 44 వేలకు పెంచాలని 2005లో నిర్ణయించినప్పుడు అది ముదిరింది. ఎగువ జలాశయాలు నిండి సముద్రంలోకి పోయే వరదనే తెస్తున్నామని, దేశంలోనే వాన తక్కువ పడే సీమల్లో ఒకటైన రాయలసీమకు ఇంకో దారి లేదని ఇటు జవాబు. ట్రిబ్యునళ్ళ పత్రాల్లో ఇది వేల పేజీలు. మనకు ఇక్కడ కావలసింది ఒకటే: ఇవాళ నెల్లూరు రైతు వాయుగుండం కోసం ఆకాశం చూడటంతో పాటు, మహారాష్ట్రలో వానలెలా ఉన్నాయో, శ్రీశైలం ఎప్పుడు నిండుతుందో కూడా చూస్తున్నాడు.

పరాయి నీటికి దారి తవ్వేటప్పుడు ఇంకో ప్రాణి మీదా పడింది. కలివికోడి. రాత్రిపూట తిరిగే, పొదల మధ్య పరిగెత్తే చిన్న పక్షి. 1840ల్లో నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దీన్ని శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల అంచున మళ్ళీ దొరికింది. ముళ్ళపొదలు, మధ్యమధ్య బోడినేల ఉన్న పెన్న లోయ చిట్టడవే దాని ఇల్లు. బయటివాళ్ళకు అది దేనికీ పనికిరాని కంపలాగా కనిపిస్తుంది. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పని సరిగ్గా ఆ కంపల మీదికే వచ్చింది. అభ్యంతరాల తర్వాత కాలువ దారి మార్చాల్సి వచ్చింది. మెట్టసీమలో పొదకూ, బోడినేలకూ పనేమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇసుకే చెరువు

మళ్ళీ ఎండిన ఏటి దగ్గరికి వద్దాం. మా అమ్మమ్మ తరంవాళ్ళు వేసవిలో ఏట్లోకి వెళ్ళి చేతులతో ఇసుక తోడి చెలమ తీసేవాళ్ళు. మోచేయి లోతు తవ్వితే ఊట. మురికి తోడిపోసి కాసేపు ఆగితే అద్దంలాంటి నీళ్ళు. రైతులు అదే పని పెద్ద ఎత్తున చేసేవాళ్ళు, ఏట్లో పొడుగ్గా ఊటకాలువ తీసి, ఇసుకలోని నీటిని వాలుకు నడిపించి పొలాలకు పెట్టేవాళ్ళు.

ఇదెలా సాధ్యం? ముతక ఇసుకలో రేణువుల మధ్య ఖాళీలుంటాయి. తడిసిన ఇసుక నుంచి సుమారు ఐదో వంతు పరిమాణం నీటిని తోడుకోవచ్చు. కిలోమీటరు పొడవు, 500 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతున ఇసుక ఉందనుకుందాం. మొత్తం 25 లక్షల ఘనపు మీటర్లు. ఐదో వంతంటే 5 లక్షల ఘనపు మీటర్లు, అంటే 50 కోట్ల లీటర్ల నీళ్ళు. తలకు రోజుకు 100 లీటర్ల చొప్పున పదివేల మంది ఉన్న ఊరికి 500 రోజులకు సరిపోతాయి. అదీ ఒక్క కిలోమీటరు ఇసుకలో. పైగా చెరువులో నీరైతే మన ఎండలకు ఏడాదిలో దాదాపు 2 మీటర్ల మందం ఆవిరైపోతుంది. ఇసుక కింద రెండడుగులు దిగితే ఎండ ప్రభావం చాలా తగ్గుతుంది. మూత వేసిన చెరువన్నమాట.

కాబట్టి ఇసుక లారీ ఎక్కితే చెరువు లోతు తగ్గినట్టే. ఇసుక తీసిన చోట గుంటలో నీరు నిలిచి పైకి బాగానే కనిపిస్తుంది, కానీ మూత తీసేశాం కాబట్టి ఎండకు పోతుంది. చుట్టుపక్కల బోర్లలో మట్టం దిగుతుంది. అందుకే వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టం) కింద తాగునీటి బావులు, వంతెనల లాంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదన్న నియమం ఉంది.

ఇసుక అసలు ముట్టకూడదంటే మాత్రం అదీ నేల మీద నిలబడే మాట కాదు. ఇళ్ళు కట్టాలి, ఆ పని మీద బతికే కూలీలున్నారు. ఇంకో సంగతి, 2021 వరద తర్వాత ఏటి పక్క పొలాల్లో మనిషెత్తు ఇసుక మేటలు పడ్డ చోట్లున్నాయి. ఆ రైతుకు ఇసుక పోతేనే పొలం. ఆనకట్టల వెనక పేరుకున్న ఇసుకదీ అదే కథ. ఎక్కడ ఎక్కువైందో అక్కడ తీయడం వేరు, లారీకి దారి దగ్గరగా ఉన్నచోట తీయడం వేరు. జరిగేది ఎక్కువగా రెండోది.

పై జలాశయాలు కట్టాక కొత్త ఇసుక కొట్టుకురావడమూ తగ్గింది. ఏడాదికోసారి ఏటిని కడిగే వరద రాకపోయేసరికి సర్కారు తుమ్మ ఏటి మధ్యకు దిగి వేళ్ళూనుకుంది. ఒకప్పుడు ఇసుకతిన్నెల మీద దోస, పుచ్చ పాదులు పెట్టిన చోట ఇప్పుడు ముళ్ళకంప. పెద్ద వరద వచ్చినప్పుడు ఆ కంపే నీటికి అడ్డం తిరిగి ఒడ్డు కోయిస్తుంది.

మొగ దగ్గర ఉప్పు లెక్క

నెల్లూరు ఆనకట్ట 1850ల్లో, సంగం ఆనకట్ట 1880ల్లో వచ్చాయి. ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబర్‌లో ప్రారంభమయ్యాయి. వాటికి కింద మొగ దాకా, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు దాకా, ఉన్న ఏరు మిగులు తినే ఏరు. వరద రోజుల్లో తప్ప దానికి వచ్చేది తక్కువ.

"సముద్రంలో వృథాగా పోతున్న నీరు" అనే మాట ఏటా వింటాం. ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఊళ్ళలో నిలబడి వింటే ఆ మాట కొంచెం వేరుగా వినిపిస్తుంది. తీరంలో ఇసుకనేలల్లో దొరువులుంటాయి. దొరువంటే నాలుగైదు అడుగులు తవ్విన గుంట, అందులో మంచినీళ్ళు ఊరుతాయి, ఆకుకూరలకూ నారుమళ్ళకూ కావడితో మోసి పోస్తారు. సముద్రం పిలుపు దూరంలో తియ్యటి నీళ్ళెలా? మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. ఇదే తిరగేసి చూడండి. పైన ఒక్క అడుగు మట్టం దిగితే, కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకొస్తుంది. మోటార్లు పెట్టి తోడేచోట, ఏటి నుంచి ఊట అందని ఏళ్ళలో జరిగేది అదే. ఒకసారి ఉప్పెక్కిన బోరు తియ్యబడటానికి ఒక వాన సరిపోదు.

ఇక్కడ రైతులు ఏట్లోకి పోటు నీరు ఎక్కి రాకుండా అడ్డుకట్ట కావాలంటారు. వేటకు పోయే పట్టపువాళ్ళకు మొగ తెరిచి ఉండాలి. వరద జోరు లేకపోతే అలలు ఇసుక తెచ్చి మొగను పూడ్చేస్తాయి, పడవ బయటికి పోదు, ఏట్లోకి గుడ్లు పెట్టను వచ్చే చేప లోపలికి రాదు. రొయ్యల గుంటల వాళ్ళకు ఉప్పూ కావాలి, మంచినీరూ కావాలి, రెండూ కలిసిన నీటిలోనే వాళ్ళ పంట.

2021లో ఆ నీళ్ళన్నీ పోయాక కొన్ని ఊళ్ళలో పొలాల్లో ఇసుక, ఇళ్ళలో బురద మిగిలాయి. కింద మొగ మాత్రం చాలా ఏళ్ళ తర్వాత వెడల్పుగా తెరుచుకుంది.